ఒట్టు పెట్టని ఇల్లు

1999 నవంబరులో మా సంస్థ నన్ను మెల్‌బోర్న్ నుంచి హోబార్ట్‌కు నాలుగు రోజుల పని మీద పంపింది. నా హోదా సీనియర్ టెస్టర్. కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకునేవి కాబట్టి, 2000 రాగానే 1900 అనుకుని తికమకపడతాయని అప్పట్లో లోకమంతా హడలిపోయింది. ఆ భయం లేదని తేల్చి, యజమాని చేత పత్రం మీద సంతకం చేయించుకోవడం మా పని.

ఇక్కడ యజమాని మార్గరెట్ అనే డెబ్బై ఏళ్లావిడ. వలసపాలన నాటి ఎర్ర ఇటుకల ఇల్లు. కట్టించినవారు క్వేకర్లు, పూజారి లేకుండా, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్రైస్తవులు. ఆ కుటుంబంలో మిగిలిన ఈవిడే ఇంటిని సందర్శకులకు చూపించేది. ఉన్నది ఒక్క కంప్యూటరు, అందులో బుకింగులు. పత్రం లేకపోతే బీమా లేదు. బీమా లేకపోతే తలుపులు తెరవకూడదు.

మూడో రోజుకే పరీక్షలు ముగించి పత్రం ఆవిడ ముందు పెట్టాను. ‘అన్ని తేదీలకూ సరిగ్గా పనిచేస్తుందని ప్రమాణం చేస్తున్నాను’ అని ఉంది. ఆవిడ కలానికి మూత పెట్టేసింది.

“మేం ప్రమాణాలు చెయ్యం. ఒట్టేసినప్పుడే నిజం చెబుతానంటే, మిగతా వేళల్లో అబద్ధాలాడతాననేగా?”

మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనేజరు, హైదరాబాదీ ఖాదర్‌కు ఫోన్ చేశాను.

“సైన్‌కే ఇంత పరేషానా భాయ్? ప్రమాణం కొట్టేసి ధ్రువీకరిస్తున్నా అని రాయి, లా ఒప్పుకుంటది. ఆరింటి ఫ్లైట్ పట్టుకుని వచ్చెయ్.”

అలాగే రాశాను. ఆవిడ మళ్లీ చదివింది. “అన్ని తేదీలూ చూశారా?”

“ముఖ్యమైనవన్నీ చూశానండీ.”

“ఇక్కడ ‘అన్ని’ అని ఉంది” అని ఊరుకుంది. క్వేకర్ల మౌనం గంటలకొద్దీ సాగగలదు. నేను గోదావరి జిల్లావాణ్ణి. రెండు నిమిషాలు దాటితే తట్టుకోలేను. “ఫిబ్రవరి 29 చూడలేదు” అని ఒప్పేసుకున్నాను.

వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు. నాలుగువందలతోనూ భాగించబడితే మాత్రం లీపే, 2000 లాగా. ఆ ప్రోగ్రాం రాసినవాడికి మొదటి సగమే తెలుసు. పరీక్షిస్తే, యంత్రం 28 నుంచి నేరుగా మార్చి ఒకటికి గెంతింది. ఈలోగా ఆరింటి విమానం వెళ్లిపోయింది. మర్నాడు సరిచేసి, ఆవిడ ఎదుటే మళ్లీ పరీక్షించాను. ‘నేను చూసినంతవరకు’ అని తన చేత్తో చేర్చి సంతకం చేసింది.

“చూసినంతవరకు ఏంది భాయ్, బీమావాళ్లు నవ్వుతరు” అన్నాడు ఖాదర్. సంగతి చెప్పేసరికి గొంతు తగ్గింది. “అదే ప్రోగ్రాం ఇంకో నాలుగు చోట్ల సర్టిఫై చేసినం గదా!”

నాలుగు చోట్లకూ నేనే వెళ్లి సరిచేశాను. అప్పటినుంచి నా ప్రతి నివేదికా ‘పరీక్షించనివి’ అనే శీర్షికతో మొదలయ్యేది. ఏ మేనేజరుకూ అది నచ్చలేదు; తీసెయ్యమని రాతపూర్వకంగా మాత్రం ఎవరూ చెప్పలేదు.