ఇథియోపియాలో పుంగనూరు ఆవు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బీఎడ్ అయ్యాక టీచరు ఉద్యోగం మీద వెళ్లి, ఇథియోపియాలోని ఒక పల్లె బడిలో కొన్నాళ్లు ఇంగ్లిష్ చెప్పాను. ‘కౌ’ అనే మాట నేర్పడానికి పుంగనూరులోని మా ఆవు ఫోటో చూపించాను. అది పక్కన నిలబడ్డ మా నాన్న నడుము దాకా కూడా రాదు. పశువులు కాచే ఇళ్ల పిల్లలు కదా, అది దూడేనన్నారు. ఎదిగిన ఆవేనని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

మర్నాడు ఒక విద్యార్థిని తండ్రి తన ఆవును తోలుకుని బడికొచ్చాడు.

"మీ ఊళ్లో అంత కరువా? దీన్ని మీ నాన్నగారికివ్వండి," అని కూతురిచేత ఇంగ్లిష్‌లో చెప్పించాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. మా ఆవుల జాతే పొట్టిదని చెప్పి, దణ్ణం పెట్టి పంపించాను.

ఆదివారం ఫోన్లో చెబితే నాన్న నవ్వుతాడనుకున్నాను.

"యాల వద్దన్నావు మ్మా? పాలెన్ని ఇస్తాదో అడిగినావా?" అన్నాడు.