పడుగు కర్రలు, మా ఇంటి కుక్క

“వదినా, ఆ కుక్క ఇంట్లో ఉంటే రేపు మా ఇంటోళ్లెవురూ నీ పడుగు పట్టేదానికి రారు. చెప్పేసినా.”

“రావద్దులేప్పా. కుక్క ఈడ్నే ఉంటాది.”

“నా పంచె చూడు, ఎట్ల చించినాదో! దాన్ని తెచ్చినచోట్నే ఇడిసిపెట్టు.”

“పంచె కుట్టిస్తా. కుక్కను మాత్రం పంపను.”

“మూడో క్లాసు చదివినదానివి, కుక్క మనసు నీకేం తెలుసు?”

“నువ్వు పదో క్లాసు చదివినావు గదా, నీమీదికి ఎందుకు దూకినాదో నువ్వే చెప్పు.”

మా మరిది భుజం మీది కర్రలు అరుగు మీద దబ్బున పడేసి, పక్కనే ఉన్న తన ఇంటికి పోయాడు.

అత్తిమంజేరిపేటలో మాది నేతవాళ్ల వీధి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును పొద్దున్నే వీధి పొడవునా కర్రల మీద చాచి, గంజి పట్టించి ఆరబెట్టాలి. ఆరుగురు లేకపోతే ఆ పని కాదు. ఒకరి పడుగుకు ఇంకొకరు వస్తారు, కూలి మాట ఉండదు. ఎవరి కర్రలు వాళ్లే తెస్తారు. నేను అప్పటికే గంజికి బియ్యం నానబోశాను. నానిన బియ్యాన్ని పారబోయడం నా వల్ల కాదు, కుక్కను వదిలేయడమూ నా వల్ల కాదు.

దెబ్బలు తిన్న కుక్కలను సాకేవాళ్లు తిరువళ్లూరులో ఉంటే, వాళ్ల దగ్గర నుంచి నా మనవరాలు దీన్ని తెచ్చి పది రోజులైంది. ఆ పిల్ల ఫ్యాక్టరీకి పోతే పగలంతా కుక్కతో నేనే. వచ్చిన రెండో రోజే నా ముంజేయి కరిచింది. తిరుత్తణి గవర్నమెంటు ఆస్పత్రిలో సూదులు వేయించుకుంటున్నాను. “ఇంకా ఆ కుక్కనే సాకుతావా పాటీ?” అని నర్సమ్మ, అరవంలో అవ్వా అని పిలుస్తూ, అడిగింది. సాకుతాను అన్నాను.

మరిది పోయాక ఆ కర్రలు లోపల పెడదామని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. స్తంభానికి కట్టిన కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది. కింద పెట్టాను. ఊరుకుంది. మళ్లీ తీశాను. మళ్లీ గుర్రుమంది. అప్పుడు గుర్తొచ్చింది, నన్ను కరిచిన రోజు నా చేతిలో మగ్గం కర్ర ఉంది. ఎదురింటామె మీదికి ఎగబడిన రోజు ఆమె చేతిలో దండెం కర్ర ఉంది. కర్ర పట్టని పాలామెను మాత్రం ఏనాడూ ఏమీ అనలేదు. నేసేదాన్ని నేను, లేస్తే, కూర్చుంటే చేతిలో ఏదో ఒక కర్ర ఉంటుంది. దానికి అన్నం పెట్టేటప్పుడు కూడా కర్ర చంకలో పెట్టుకునే పెట్టాను.

కర్రను నేల మీద ఉంచి, పక్కన ఇడ్లీ ముక్క పెట్టాను. కుక్క దగ్గరికి రాలేదు. ఇడ్లీని అక్కడే వదిలేసి మరిది గుమ్మానికి పోయాను.

“రేపు ఉత్త చేతుల్తో రా. కర్రలు నేను పెడతా.”

“నేనొస్తానని ఎవురు చెప్పినారు?”

“నీ పడుగుకు నేను రాకుండా ఉన్నానా ఎప్పుడన్నా?”

మరిది తలుపు వేసేశాడు.

పొద్దున లేచి కుక్కను పెరట్లో గొలుసుతో కట్టి, తలుపు మూసి, కర్రలన్నీ నేనే వీధిలోకి మోశాను. మనవరాలు పనికి సెలవు పెట్టింది. మా మరిది పెళ్లాం మొగుడికి చెప్పకుండా వచ్చింది. ఎదురింటివాళ్లు ముగ్గురు వచ్చారు. రాత్రే చెప్పిపెట్టాను గనక ఎవరి చేతిలోనూ కర్ర లేదు. గంజి పట్టిస్తుంటే పోగులు తెగాయి. తెగిన పోగులు కలపడంలో మా వీధిలో మరిదిని మించినవాళ్లు లేరు. ఆయన తన గడపలో నిలబడి చూశాడు. తర్వాత వచ్చి, రెండు అరచేతులూ మా ఇంటివైపు తిప్పి, “చూసుకో, ఏమీ లేదు” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కూర్చుని పోగులు ముడివేశాడు.

ఎనిమిదింటికల్లా పడుగు ఆరింది. అప్పటిదాకా కుక్క మొరుగుతూనే ఉంది. ఇడ్లీ ముక్కకు చీమలు పట్టాయి. మరిది కాఫీ తాగి, చిరిగిన పంచె తెచ్చి నా ముందు పడేసి పోయాడు. టైలరు దగ్గరికి పంపకుండా నేనే కుట్టాను.