కుండలో నానబెట్టిన తీగలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పాలంటే మీకూ నాకూ తీరిక చాలదు. అందుకని ఒక్కటే చెబుతాను. ఇందులో పోలీసులు రారు. ఒక మేక సంగతి పక్కన పెడితే నెత్తురు కూడా కనబడదు. అయినా దీన్ని ఉపద్రవమనే అంటాను. ఎందుకంటే, చనిపోయిన ఒక మంచి మనిషిని తలుచుకుంటూ వాయించవలసిన తీగలను నేను అన్నంలో కలుపుకుని తిన్నాను. పైగా బాగున్నాయని రెండోసారి వడ్డించమన్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాయి. మొదట్లో ఊరేగింపులకు పోయేవాణ్ణి. తర్వాత అవీ పలచబడి, చేయడానికి పనిలేక సైకిల్ మీద జనగామ చుట్టూ తిరిగేవాణ్ణి. మా ఊరు అక్కడికి కోసెడు దూరం. ఒక సాయంత్రం రైల్వే క్వార్టర్ల ముందు నుంచి పోతుంటే సన్నగా ఏదో మోత, దానితో పాటు ఒక ఆడమనిషి పాట వినబడి సైకిల్ ఆపాను. అట్లా పరిచయమయ్యారు జోసఫ్ సారు, ఆయన భార్య రూతమ్మ. సారు స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. ఆయన ఒళ్ళో ఉన్నది ఉకులేలే. ఎప్పుడో ఒక రైల్వే దొర దేశం విడిచిపోతూ ఇచ్చి వెళ్ళాడట. చూడటానికి గిటారు పిల్లలా ఉంటుంది, నాలుగే తీగలు. మా అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం దాన్ని బుడ్డ వీణ అనేది.

ఆ ఏడాది నా చదువు ఆగింది గానీ వేళ్ళు మాత్రం బడికి పోయాయి. సారు నేర్పేవాడు, రూతమ్మ చాయ్ ఇచ్చేది, నేను తప్పులు వాయించేవాణ్ణి. ముగ్గురం మా మా పనులు శ్రద్ధగా చేసేవాళ్ళం.

ఐదారేళ్ళు గడిచాయి. నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. రూతమ్మ జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు. సారు ఉకులేలేను గుడ్డలో చుట్టి అల్మారా మీద పెట్టేశాడు. ఏడాది పాటు దాన్ని ముట్టలేదు. సంవత్సరీకం నాడు ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటున్నానని, ఆమె ఎప్పుడూ పాడే పాటను ఆ ఆదివారం వాయించాలని ఉందని ఒకరోజు నాతో అన్నాడు. ఇంకా రెండు వారాలుంది. దుమ్ము తుడిచి పెట్టమని వాయిద్యాన్ని నా చేతికిచ్చాడు.

తుడవమన్నాడు. తుడిచి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ నేను డిగ్రీ చదివినవాణ్ణి. తీగలు వదులైనట్టు అనిపించి, సారు సంతోషిస్తాడని బిరడాలు బిగించాను. ఒక తీగ టప్పున తెగింది. భయపడి మిగతా మూడింటినీ వదులు చేయబోయాను. కంగారులో బిరడాలను ఏ దిక్కుకు తిప్పుతున్నానో చూసుకోలేదు.

“తెగినయా?” అన్నాడు సారు, నా ముఖం చూసి.

“తెగినయి సార్.”

“ఎన్ని?”

“నాలుగు.”

“ఉన్నయే నాలుగు గదరా,” అన్నాడు. తిట్టి ఉంటే ఇంటికి పోయి హాయిగా పడుకునేవాణ్ణి. తిట్టలేదు కాబట్టే ఆదివారంలోగా తీగలు తెచ్చి కట్టే పూచీ నాదని మాటిచ్చాను.

వరంగల్ దుకాణాల్లో ఇనుప తీగలే ఉంటాయి, అవి కడితే దీని మెడ విరుగుతుంది. దీనికి మేక పేగును పేనిన నరపు తీగలే కావాలి. మానుకోటలో ఖాసిం తాత దూదేకులవాళ్ళు పత్తి ఏకే విల్లులకు అట్లాంటి నారి పేనేవాడు. సారు కోసం మాత్రం సన్నగా నాలుగు వేరే పేని ఇచ్చేవాడు. మర్నాడే నేను పాసింజరు ఎక్కి మానుకోట పోయాను. ఖాసిం తాత దుకాణంలో ఎవరో గ్యాస్‌నూనె స్టవ్వులు బాగుచేస్తున్నారు. దూదేకే మిషన్లు వచ్చాక విల్లులు అటకెక్కాయట. నారి కొనేవాడు లేక తాత దుకాణం ఎత్తేసి భూపాలపల్లిలో బిడ్డ ఇంటికి పోయాడట. తీగ లాగితే డొంక కదులుతుందంటారు. నేను లాగిన తీగకు మూడు తాలూకాలు కదిలాయి.

భూపాలపల్లి అప్పటికి అడవి అంచున చిన్న ఊరు. బస్సు దిగేసరికి నా జుట్టు, చొక్కా, నోరు అన్నీ దుమ్ము పట్టి ఒకే రంగుకు వచ్చాయి. ఖాసిం తాత నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే ముఖం వెలిగింది.

“రూతమ్మ మంచిగున్నదా బిడ్డా? ఇంకా పాడుతున్నదా?”

ఆమె పోయిందని, సంవత్సరీకానికి తీగలు కావాలని చెప్పాను. తాత రెండు చేతులూ నా ముందు చాపాడు. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి.

“చేతులు పోయినయి. మతి పోలే,” అన్నాడు. “నేను చెప్త, నువ్ పేను.”

ఒక పూటంతా చెప్పాడు. పేగును చీల్చకుండా కడగాలి, వెదురు చెక్కతో పొరలు గీకాలి, ఒక రోజు సున్నపు తేటలో నానబెట్టాలి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి తడిమీదనే పేని, రెండు గుంజల మధ్య కట్టి రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. నా బదులు ఆయన వేళ్ళే కదులుతాయేమోనన్నట్టు గాలిలో పేని చూపించబోయి, కుదరక ఆపేశాడు. ఆ చేతులను చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నేను లేస్తుంటే ఒకటే మాట చెప్పాడు: “ఇంట్ల అందరికి చెప్పి నానబెట్టు బిడ్డా. కుక్కలు, పిల్లులు ఎత్కపోతయి.”

నేను కుక్కల సంగతి, పిల్లుల సంగతి విన్నాను. ఇంట్ల అందరికి అన్న మాట వినలేదు. డిగ్రీ చదివినవాడు పేగులు గీకుతున్నాడని ఎవరికి చెప్పుకుంటాడు?

మా ఊళ్ళో బుధవారం అంగడి నాడే మేకను కోసేవారు. నా తిరుగుళ్ళలో ఒక బుధవారం దాటిపోయింది, ఇక ఆదివారం దాకా మిగిలింది ఇంకొక్కటే. పేగు తెచ్చి, బావి వెనుక కూర్చుని గీకాను. అంత శ్రద్ధగా నేను ఏ పరీక్షకూ చదవలేదు. కుండలో సున్నపు తేట పోసి, పేగు వేసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి కొట్టం అటక మీద దాచాను. గురువారం పొద్దున దించి మంచినీళ్ళతో కడిగితే తెల్లగా మెరిసిపోయింది. అప్పుడు నాకు గర్వం పుట్టింది. ఇంత పనితనం సారు చూడకపోతే ఎట్లా? ఆయన కళ్ళముందే పేనాలని పిలవడానికి బయలుదేరాను. కుండను కుక్కలకు అందకుండా ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోట పెట్టాను. అంటే వంటింట్లో.

పోతూ పోతూ మా అవ్వతో, జోసఫ్ సారు పగటి అన్నానికి వస్తున్నాడు, మంచిగ వండమని మాత్రం చెప్పాను.

మీకు అర్థమై ఉంటుంది. మా తెలంగాణ ఇండ్లలో ఎవరినైనా అడగండి, సున్నంతో కడిగిన మేక పేగు ఎందుకుంటుందో చెబుతారు. బోటి కూరకు.

నేను సారును సైకిల్ మీద ఎక్కించుకుని తెచ్చాను. దారి పొడుగునా పేనడం గురించి ఉపన్యాసమిచ్చాను. వచ్చీ రాగానే అవ్వ కంచాలు పెట్టింది. జొన్న రొట్టె, అన్నం, ఎర్రగా కూర. తిన్నాక పేనుదామన్నాను. సారు రూతమ్మ పోయాక సరిగా తినడం మానేశాడు. ఆరోజు మాత్రం రెండోసారి వేయించుకున్నాడు. నేనూ వేయించుకున్నాను.

“గింత శుభ్రంగ కడిగిన బోటి నేనెన్నడు తినలే అక్కా,” అన్నాడు సారు.

“నేను కడగలే సారూ, నా కొడుకే కడిగిండు. మీరొస్తున్నరని కుండల పెట్టి పోయిండు,” అంది అవ్వ మురిసిపోతూ.

నా నోట్లో ముద్ద అక్కడే ఆగింది. మింగలేను, ఉమ్మలేను. అది ఏ తీగో, ఎన్నో తీగో. మెల్లగా మింగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పేనవలసినవి ఇవేనని, మళ్ళీ అంగడి వచ్చే బుధవారమేనని చెప్పాను. సారు కంచంలో ముక్కను వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తీగ తెంపనేల, బోటి కడగనేల అని నన్ను నేనే తిట్టుకుంటూ తల వంచుకున్నాను.

అవ్వ గంటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమెకూ బాధగానే ఉంది. కానీ మా అవ్వకు అతిథి కంచం ఖాళీగా ఉండటం అంతకంటే పెద్ద బాధ.

“గిన్నెల ఇంకింత ఉన్నది సారూ,” అంది మెల్లగా. “వాయిస్తరా, తింటరా?”

సారు నవ్వాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత కంచం కదిలింది, తర్వాత కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఏడాది తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. “రూతు ఉంటే వారం దినాలు నవ్వేటిది,” అని, కంచం ముందుకు జరిపాడు. “ఎయ్యి అక్కా.”

ఆదివారం ప్రార్థనలో సారు తీగల్లేని ఉకులేలేను ఒళ్ళో పెట్టుకుని, చెక్క మీద వేళ్ళతో దరువు వేస్తూ ఆ పాట పాడాడు. నేను చివరి వరసలో కూర్చుని ఏడ్చాను. పాట సగంలో ఆయన చూపు నా మీద పడింది. పెదవులు వణికాయి, ఒక చరణం ఎగిరిపోయింది. అది దుఃఖమని అందరూ అనుకున్నారు. బోటి అని నాకు తెలుసు.

తర్వాతి శివరాత్రికి కాళేశ్వరం పోతే, గోదావరి ఒడ్డున ఒకాయన నైలాన్ దారంతో గాలం వేస్తున్నాడు. ఆ దారం అడిగి తెచ్చి కడితే ఉకులేలే చక్కగా పలికింది. భూపాలపల్లిలో ఆరోజు కాళేశ్వరం పోయే ఇంకో బస్సు ఎక్కి ఉంటే సరిపోయేది. సారు రూతమ్మ పాట మొత్తం వాయించాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను సైకిల్ ఎక్కుతుంటే వెనక్కి పిలిచి, “తీగలు బాగున్నయిరా, గాని వీటికి రుచి లేదు,” అన్నాడు.

కాబట్టి మా అవ్వ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఆమెకు చెప్పకుండా వంటింట్లో ఏ వాయిద్యాన్నీ నానబెట్టను. భయపడి కాదు. అంత తప్పు చేసినా కంచం ముందుకు జరిపి నవ్వడానికి ఇప్పుడు జోసఫ్ సారు లేడు.