తొక్కలు చదివే మామయ్య

మామయ్యగారు మనుషుల ముఖం చూసి పలకరించరు. వాళ్ళ తొక్కల బకెట్టు చూసి పలకరిస్తారు.

ముప్పయ్యేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి. "అన్నాళ్ళు ఇంటింటికీ ఇచ్చుకుంటూ తిరిగాను, ఇక పుచ్చుకుంటూ తిరుగుతాను" అని ఈమధ్యే ఒకనాడు ప్రకటించి, మర్నాడే పాత సైకిలుకు రెండు డబ్బాలు కట్టారు. వీధిలో ఇరవై ఇళ్ళు. ఇంటికో మూత బకెట్టు. తొక్కలూ ముచ్చికలూ టీ పిప్పీ అందులో వేసి గేటు పక్కన పెడితే, ఆయన పట్టుకెళ్ళి వీధి చివరి ఖాళీ జాగాలో ఎరువు కుప్ప వేస్తారు. ఆ ఎరువుతో అక్కడే కూరగాయలు పండిస్తారు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆయన నోటితోనే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్కరి ఉత్తరం విప్పి ఎరుగరు. అప్పుడు బిగబట్టిన కుతూహలమంతా ఇప్పుడు తొక్కల మీద తీర్చుకుంటున్నారని ఆయన కోడలి అనుమానం.

"ఏమ్మా, బంగాళాదుంపకి చెక్కు తీశావా, దుంపనే చెక్కేశావా? తొక్క ఇంత మందమా!" అని ఎదురింటి కొత్త కోడల్ని నడివీధిలో అడిగారు. ఆ పిల్ల వారం రోజులు గేటు దాటి రాలేదు.

పండు తొక్క మీద స్టిక్కరు కనిపిస్తే ఇక ఆ ఇంటివాళ్ళ పని అయిపోయినట్టే. స్టిక్కరు ఊడదీసి నోటుబుక్కులో అతికించి, వెళ్ళి బెల్లు కొట్టేవారు.

"సార్, మీ ఆపిల్ ఓడెక్కి వచ్చింది, తెలుసా?"

"తెలీదండీ. తియ్యగానే ఉంది."

"నాకు డెబ్భై దాటాయి, ఇంతవరకూ ఓడ ముఖం చూడలేదు. మీ పండు రెండు సముద్రాలు దాటింది. దారిపొడుగునా ఎంత చమురు తాగిందో! పక్క తోటలో కాసిన జామకాయని మాత్రం ఎవరూ పలకరించరు."

ఇంట్లో కోడలి బాధ వేరు. తోటలో కాసిన నిటారు క్యారెట్లు ఎటు పోయేవో కానీ, ఇంటికి మాత్రం వంకరవీ, రెండు కాళ్ళవీ, పురుగు ముందే రుచి చూసినవీ వచ్చేవి.

"మంచివి ఏవి మామయ్యా?"

"పురుగు తిన్నదంటే మందు కొట్టలేదని సర్టిఫికెట్టమ్మా."

"సర్టిఫికెట్లన్నీ మనకేనా?"

ఆయన వినపడనట్టు సైకిలు తుడుచుకునేవారు.

చివరికి మామయ్యగారి సుద్దముక్క కొంప ముంచింది. ఒకనాడు వీధి సంఘం సెక్రటరీ తన బకెట్టు మూత మీద ఇంటూ గుర్తు చూశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. "నలభై ఏళ్ళు అందరికీ ఇంటూలు పెట్టినవాణ్ణి. నా మూత మీదే ఇంటూ పెడతాడా!" అని ఇల్లిల్లూ తిరిగి, కుప్ప తీసేయించాలని మూడు పేజీల అర్జీ రాసి, పధ్నాలుగు సంతకాలు పోగుచేశారు. పిన్ను కొట్టిన ఆ కాగితాలు తెచ్చి కోడలి ముందు పెట్టారు.

"మీ ఇంటి సంతకం కూడా పడితే రేపే ఎత్తించేస్తామమ్మా."

ఆమెకీ విసుగు పుట్టింది. కానీ అత్తయ్య పోయాక ఏడాదిపాటు మూల కూర్చున్న మనిషిని మళ్ళీ వీధిలోకి తెచ్చింది ఆ కుప్పే. అది పోతే ఈయన మళ్ళీ మూలకే. "ఒక్కరోజు ఆగండి మాస్టారూ" అంది.

మర్నాడు పొద్దున్నే, కాస్త నోరు కట్టుకోమని చెబుదామని ఆయన వెంట కుప్ప దగ్గరికి వెళ్ళింది. చలిలో కుప్ప మీంచి పొగలు లేస్తున్నాయి.

"చెయ్యి పెట్టి చూడమ్మా."

పెట్టింది. వేడి! నిప్పు లేదు, కరెంటు లేదు, లోపల ఏదో ఉడుకుతున్నట్టే ఉంది. అవతలి పక్క తవ్వి చూపించారు. మూడు నెలల కిందటి ఇరవై ఇళ్ళ చెత్త, నల్లటి మెత్తటి మట్టైపోయింది. వాన పడ్డ నేల వాసన. ఆమె చెప్పాలనుకున్నది మరిచిపోయి, ఆ మట్టిని దోసిట్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.

తేరుకుని అడిగింది: "మూతల మీద ఆ ఇంటూ ఏమిటి మామయ్యా?"

"వరసగా మూడు రోజులు టీ పిప్పి తప్ప ఇంకేం లేదని. అంటే ఆ ఇంట్లో ఎవరో తిండి మానేశారన్నమాట. మాస్టారి భార్య ఊరెళ్ళి మూడు వారాలైంది. ఆయనకి టీ తప్ప ఏం చేతకాదు."

అంటూ, రోజూ ఎవరూ చూడకుండా మాస్టారి గేటుకి తగిలించే సంచి నింపసాగారు. టమాటాలు, కీరాలు, నిటారు క్యారెట్లు. పొయ్యితో పనిలేకుండా తినేవే అన్నీ.

"చెప్పి ఇవ్వచ్చుగా? వంకరవీ కొన్ని వెయ్యచ్చుగా?"

"చెబితే పుచ్చుకోరమ్మా. వంకరవి ఇస్తే జాలిపడి ఇచ్చారనుకుంటారు. మంచివైతే పొరపాటున వచ్చాయనుకుని తినేస్తారు."

సాయంత్రం సెక్రటరీ సంతకానికి వచ్చారు. కోడలు మెల్లగా అడిగింది:

"మాస్టారూ, ఈమధ్య మీ గేటుకి రోజూ ఒక సంచి..."

ఆయన ముఖం ఎర్రబడింది. "అది... కూరగాయలతను పక్కింటి సంచి మా గేటుకి తగిలిస్తున్నాడు."

"మరి పక్కింటికి ఇచ్చేస్తున్నారా?"

"మొదటిరోజు ఇద్దామనే అనుకున్నానమ్మా. క్యారెట్టు చాలా తియ్యగా ఉంది."

"అది మామయ్యగారి తోటది మాస్టారూ."

మాస్టారు లేచి, గేటు పక్క బకెట్టు మూత తీసి, అర్జీ అందులో పడేశారు. అప్పుడే వచ్చిన మామయ్యగారు వంగి చూశారు.

"కాగితం బాగానే మగ్గుతుంది. ఈ పిన్ను మగ్గదు, పట్టండి."

మర్నాడు మాస్టారి బకెట్టులో బంగాళాదుంప తొక్కలున్నాయి. ఒక్కొక్కటీ అరంగుళం మందం. మామయ్యగారు నోరు తెరవబోయి, కోడలి వైపు చూసి, బలవంతాన మూసుకుని, మూత మీద ఇంటూ తుడిచేశారు.