పెరుందేవి కట్టిన ముడుపు

అప్పు చేయడం తప్పని తిరుపతిలో ఒకరికి నచ్చజెప్పడం సులభం కాదు. కొండమీది స్వామే పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు తెచ్చి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని ఇక్కడ ఉగ్గుపాలతోనే నేర్పుతారు. ఊళ్ళో ఒక ఆఫీసు గుమాస్తా సౌందరరాజన్ ఈ పురాణాన్ని తన జీవితానికి సంపూర్ణంగా అన్వయించుకున్నాడు. ట్రాన్సిస్టరుకు అప్పు చేశాడు. దానికి తోలు తొడుగు లేకపోతే మర్యాదగా ఉండదని ఇంకో అప్పు చేశాడు.

"స్వామికే లేని సిగ్గు నాకెందుకు?" అనేవాడు భార్యతో.

"స్వామికి హుండీ ఉండాది. మీకు యాడుండాదో చూపించండి, నేనూ వచ్చి మొక్కుతాను" అనేది పెరుందేవి.

వడ్డీవ్యాపారి వరదయ్య మహా మర్యాదస్తుడు. ఒకటో తారీఖున ఆఫీసు గేటు దగ్గర నిలబడి, జీతం కవరును రెండు చేతులా అందుకుని, వడ్డీ తీసుకుని, మిగిలింది ఆశీర్వదించి ఇచ్చేవాడు. ఆ జీతం ఒక్కసారి నిండుగా ఇల్లు చేరితే చూడాలన్నది పెరుందేవి జీవితాశయం.

అలిపిరి దారిలోని హోటలుకు ఆమె అప్పడాలు వత్తి ఇచ్చేది. కూతురు కోమలవల్లీ, దాని తమ్ముడూ చెరొక పీట వేసుకుని సాయం కూర్చునేవారు. వచ్చిన డబ్బు కందిపప్పు డబ్బాలో దాస్తే సౌందరరాజన్ కనిపెట్టాడు. పోపులపెట్టెలో దాస్తే ఆవాలతో సహా కనిపెట్టాడు. చివరికి ఒక శనివారం ఆమె గుడ్డముక్కను పసుపునీళ్ళలో ముంచి, స్వామి పటం ముందు డబ్బుపెట్టి ముడుపు కట్టింది. ముడుపు మీద చెయ్యి వేసేంత నాస్తికుడు కాడు సౌందరరాజన్.

పిల్లలకు ఆమె పెట్టిన శాసనం ఒక్కటే: ఏది కావాలన్నా శనివారం దాకా ఆగాలి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు, లేకుంటే ఆ డబ్బు సొంత చేత్తో ముడుపులో వేయాలి. రంగుల గాజుల కోసం సోమవారం ఏడ్చిన కోమలవల్లి శుక్రవారానికి వాటి రంగే మరిచిపోయేది. కోరికల్లో ఎక్కువభాగం వారం బతకవని పిల్లలు కనుక్కున్నారు. వేదాంతులు ఇందుకోసమే అడవులకు వెళ్ళారంటారు.

ముడుపు బరువెక్కింది. బాకీ తీర్చేద్దామని పెరుందేవి ముడి విప్పబోతే సౌందరరాజన్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగవే! ముడుపు సొమ్ము హుండీకే పోవల్ల. వరదయ్యకిస్తే కళ్ళు పోతాయి!"

జీవితంలో మొదటిసారి ఆయనకు ధర్మం గుర్తుకొచ్చింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఇన్నేళ్ళ అప్పడాలూ హుండీలో పడితే వరదయ్య ఎప్పటిలాగే గేటు దగ్గర ఉంటాడు.

"కట్టేటప్పుడు నేనేం మొక్కినానో అడిగినారా?" అంది పెరుందేవి నెమ్మదిగా. "మొదటి రూపాయే స్వామిది. మిగతాదానికి ఆయన్ను కాపలా ఉండమన్నాను. బాకీ తీరినరోజు ఇస్తానన్న మొక్కు వేరే ఉండాది."

"ఏందది?"

"మీ జుట్టు."

సౌందరరాజన్ చెయ్యి తలమీదికి పోయింది. నుదుటిమీద అలలా వాలే ఆ క్రాపు కాలేజీనాటి నుంచీ పెంచుకున్నది, ఇంతవరకూ తాకట్టుపడని ఏకైక ఆస్తి.

"నా జుట్టు మీద నువ్వు మొక్కేదేంది?"

"మీ అప్పుకు నేను అప్పడాలు వత్తలేదా?"

"నాయనా, స్వామికి ఇచ్చినమాట తప్పితే కళ్ళు పోవా?" అంది కోమలవల్లి ఎంతో అమాయకంగా.

ఆయన ముడుపుకు అడ్డం తొలగాడు.

వరదయ్య డబ్బు తీసుకున్నాడు గానీ, ఆడపిల్లను అత్తారింటికి పంపినవాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆదివారమే నలుగురూ అలిపిరి నుంచి నడిచి కొండెక్కారు. స్వామి తన రూపాయి హుండీలోనూ, మిగిలింది కల్యాణకట్టలోనూ వసూలు చేసుకున్నాడు.

ఒకటో తారీఖున జీతం నిండుగా ఇల్లు చేరింది. పెరుందేవి కవరును పిల్లలిద్దరి చేతుల్లోనూ కాసేపు పెట్టింది, ఎట్లుంటుందో తెలియాలని. తరువాత అందరూ బియ్యం కొనడానికి బయల్దేరారు.

"రాసుకోమంటావా అమ్మా?" అన్నాడు అంగడి తిరుమలయ్య అలవాటుగా.

"రాసేదేమీ లేదప్పా. ఇదో, మా పాప ఇస్తాది" అంది పెరుందేవి.

కోమలవల్లి డబ్బిచ్చి, చిల్లర సరిచూసుకుంది. అప్పులవాళ్ళకు భయపడి ఇన్నేళ్ళూ సందుగొందుల్లో తిరిగిన ఆ కుటుంబం ఆ సాయంత్రం గాంధీరోడ్డు నట్టనడుమ ఇంటికి నడిచింది. ముందు పెరుందేవి, పక్కన పిల్లలు, వెనక నున్నటి గుండు మీద బియ్యపు మూటతో సౌందరరాజన్. బ్రహ్మోత్సవాల్లో తప్ప ఆ వీధి అంతటి ఊరేగింపును చూసి ఎరగదు.