గార్డు గారి పుస్తకంలో వెనక ఎడమ చక్రం

మా కుదుదండ్ వీధిలో సన్యాసిరావు గారింటికి పాలు ఎన్నింటికి వచ్చాయో తెలుసుకోవాలంటే పాలవాణ్ణి అడగక్కర్లేదు. ఆయన పుస్తకంలో ఉంటుంది. "6.12. నాలుగు నిమిషాలు లేటు. కారణం: దూడ తాగేసింది." గూడ్సు బండికి గార్డుగా ముప్పై నాలుగేళ్ళు చేసిన మనిషి. బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, ఇవన్నీ రాయడమే ఆయన డ్యూటీ. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి వచ్చారు కానీ రాయడం మాత్రం అక్కడ అప్పగించి రాలేదు. నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు పూటలా గుమ్మంలో నిలబడి ఎంతుందో అడిగి రాసుకున్నారు. తగ్గాక ఆ కాగితం చూపిస్తే డాక్టరు గారే మెచ్చుకున్నారు.

ఆయన కూతురు ప్రసూన బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఇంజనీరు. పాత చిన్న కారు ఒకటి కొని, ఏడాదిపాటు ప్రతి ఆదివారం దాని కిందే పడుకుని, ఇంజన్ జోరు పెంచింది. జోరు పెరిగితే ముందు చక్రాలు నేల మీద పట్టు లేక గిర్రున తిరుగుతాయట. అందుకని బయట దొరికే ట్రాక్షన్ కంట్రోల్ పెట్టె ఒకటి తెచ్చి బిగించింది.

"చక్రం జారగానే ఇంజన్ జోరు అదే తగ్గిస్తుంది నాన్నా."

"అచ్ఛా! మా లోకో పైలట్ పట్టాల మీద ఇసక వేసీవోడు. నీది ఇసక లేని ఇసక పెట్టె అన్నమాట."

వెనక ఎడమ చక్రం బయటి అంచుకు నలుపు తెలుపు చారల పట్టీ అంటించింది. దాని ఎదురుగా చిన్న కన్నులాంటి సెన్సర్. అది చారలు లెక్కపెట్టి బండి అసలు వేగం చెబుతుంది. ముందు చక్రాలు అంతకంటే వేగంగా తిరిగితే జారుతున్నట్టు. ఆ లెక్కలన్నీ లాప్‌టాప్‌లో పడతాయి.

రాయ్‌పూర్‌లో ఆడవాళ్ళ కార్ల పోటీ ఉంది. ఇంట్లో బిగించుకున్న బండి కాబట్టి, ఇంజన్ ఎక్కడా తడబడకుండా చేసిన అయిదు పరుగుల లెక్కలు శుక్రవారం సాయంత్రం అయిదు లోపల పంపాలి. లేకపోతే ఏడాది కష్టం షెడ్డులోనే.

ఊరి బయట కోని దాటాక, ఇళ్ళింకా కట్టని లేఅవుట్‌లో మంచి రోడ్డుంది. యజమాని ఒప్పుకున్నాడు. అక్కడి చౌకీదారు ఎవరూ అడక్కుండానే పొద్దున్నే వచ్చి, ఆవుల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచి పక్కకు తోలేవాడు. ఆ పేర్లు కూడా సన్యాసిరావు గారి పుస్తకంలో ఎక్కాయి.

ఆదివారం మొదటి పరుగు బాణంలా వెళ్ళింది. సోమవారం నుంచి కారుకు ఎక్కిళ్ళు. జోరందుకోగానే ఎవరో వెనక్కి లాగినట్టు తగ్గేది. రోడ్డు బాగానే ఉంది, చక్రాలు జారడం లేదు, లాప్‌టాప్ మాత్రం జారుతున్నాయనేది. ప్రసూన వైర్లు మార్చింది, పెట్టె విప్పి మళ్ళీ బిగించింది, ఊళ్ళో ఉన్న ముగ్గురు మెకానిక్కులకూ ఫోన్ చేసింది. సోమవారం నుంచి గురువారం దాకా ఒక్క మంచి పరుగూ లేదు.

శుక్రవారం సెలవు పెట్టింది. ఇడ్లీ డబ్బా పట్టుకుని తల్లి అప్పలనర్సమ్మ కూడా వెనక సీట్లో ఎక్కింది. రెండు పరుగులు చేశారు. రెండింటికీ ఎక్కిళ్ళే. ప్రసూన స్టీరింగ్ మీద తల ఆనించింది.

"యార్, ఛోడో, ఇక వదిలేద్దాం. పెట్టే ఖరాబు."

"ఏటే అలగంటావు, ముందు ఓ ఇడ్లీ తిను," అంది తల్లి.

రోజూలాగే పక్క సీట్లో పుస్తకంతో కూర్చున్న సన్యాసిరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అమ్మడూ, నాది ఓసారి సదువుతాను, ఇను."

"నాన్నా, ఇప్పుడా?"

"ఆదివారం. బయలుదేరింది 6.40. మీ అమ్మ గుడికెళ్ళింది, కారుకి పూజ లేదు. ఎక్కిళ్ళు లేవు. సోమవారం. 6.31కి పూజ, ఎనక ఎడమ చక్రానికి. ఎక్కిళ్ళు పదకొండు. మంగళవారం. పూజ, అదే చక్రానికి. ఎక్కిళ్ళు పద్నాలుగు. బుధవారం. పూజ. దారిలో వాన. ఎక్కిళ్ళు మూడు..."

ప్రసూన తలెత్తింది. "ఆగు. వానకి తగ్గాయా?"

తలుపు తీసుకుని వెనక్కి పరిగెత్తింది. ఇన్నాళ్ళూ పెట్టెనూ వైర్లనూ చూసింది కానీ ఇటు చూడనేలేదు. చారల పట్టీ మొత్తం పచ్చగా మెరిసిపోతోంది. దాని మీద వరసగా కుంకుమ బొట్లు.

"అమ్మా! ఇదేంటి?"

"ఏటేటి? తెలుపూ నలుపూ గీతలుంటే మన గడపలాగే ముద్దుగా ఉంది గదా. పసుపు రాసి బొట్లెట్టినాను. కుడిపక్క గోడ కదా, సెయ్యి పట్టదు. ముందు చక్రానికి గీతల్లేవు."

సెన్సర్‌కు చారలు కనబడక సగమే లెక్కపెడుతోంది. కారు నెమ్మదిగా వెళుతోందనుకుని, ముందు చక్రాలు జారుతున్నాయని పెట్టె ఇంజన్ గొంతు నొక్కుతోంది. తల్లి ప్రతి పొద్దూ స్నానం చేసి, కూతురు క్షేమంగా రావాలని మొక్కి, ఆ గొంతు నొక్కించింది.

ప్రసూనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తుడవమని అమ్మతో అనలేదు. అప్పలనర్సమ్మే కిందకి దిగింది. చౌకీదారు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. కొంగు తడిపి, "అమ్మోరు తల్లీ, తప్పుగా అనుకోకు," అంటూ ఒక్కో చారా తుడిచింది.

"అమ్మోరు ఆ చక్రం మీదే కూకోవాలేటి? డిక్కీలో ఇంకో చక్రం ఉంది గదా, అదీ మన కారుదే." అప్పలనర్సమ్మ పర్సులోంచి పసుపు పొట్లం తీసి స్టెప్నీకి గడపంత శ్రద్ధగా రాసి బొట్లు పెట్టింది.

తరవాత అయిదు పరుగులూ వరసగా చేశారు. ఒక్క ఎక్కిలీ లేదు. చౌకీదారు ఆవుల్ని వదిలేసి చప్పట్లు కొట్టాడు.

లెక్కలు సర్ది, పంపాల్సిన ఫారం నింపేసరికి నాలుగు దాటింది. ఒక గడి మిగిలింది: ముందు పరుగులు చెడిపోవడానికి కారణం. సన్యాసిరావు గారు కలం పైకెత్తి ఆగిపోయారు. ముప్పై నాలుగేళ్ళలో కారణం దాచిన మనిషి కాదు. పెళ్ళాం వైపు చూడలేక ఆకాశం వైపు చూశారు.

"సెన్సర్‌కి మట్టి అని రాసేద్దాం నాన్నా."

"అబద్ధం రాయడమేటి?" అంది అప్పలనర్సమ్మ. "నా పేరు రాయండి. ఇన్నేళ్ళూ దారిలో అడ్డొచ్చిన గేదెల్ని రాసినారు, ఈ ఆవుల పేర్లు రాసినారు. నా పేరు ఒక్కపాలైనా రాసినారేటి? ఇంటిపేరుతో రాయండి."

ఆ గడిలో ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా, అదొక్కటే రాశారు. ప్రసూన దాన్ని ఇంగ్లీషులో కొట్టి నాలుగు నలభైకి పంపింది.

అయిదుకి పది నిమిషాలుందనగా రాయ్‌పూర్ నుంచి జవాబు. లెక్కలు బాగున్నాయట. ఒక్క అనుమానం: అప్పలనర్సమ్మ అనే భాగం ఏ కంపెనీది, బండిలోంచి పూర్తిగా తీసేశారా?

"ఏటంటన్నాడే?" అంది తల్లి.

ప్రసూన నవ్వాపుకుంటూ చదివి వినిపించి, జవాబు కొట్టింది. "అది మా అమ్మ. తీసేయలేదండీ. స్టెప్నీ దగ్గరకి మార్చాం."

అయిదు గంటలకు రెండు నిమిషాల ముందు పోటీలో కారుకు చోటు ఖాయమైంది. సన్యాసిరావు గారు గడియారం చూసుకుని రాసుకున్నారు. "4.58. లేటు లేదు."