దొరకు ముట్టని అద్దె

భర్త లోరెంజ్‌ను మట్టిచేసి వచ్చిన మర్నాడు కూడా క్రెసెంజ్ ఎప్పటిలాగే పచ్చరంగు కిటికీ రెక్కలు తెరిచింది, కాఫీ కాచుకుంది, వాకిలి ఊడ్చింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాకపోతే మానె అనుకుంది. ఏ పని చేసినా చలికి కొంకర్లు పోయిన వేలిని గిల్లుకున్నట్టే ఉండేది.

జర్మనీలోని ఔగ్స్‌బుర్గ్‌లో ఆమె ఉండే ఫుగ్గెరై పేట టిక్కెట్టు కొని చూసే చోటు. అయిదు వందల ఏళ్ళనాటి ఆ పసుపుగోడల వరసఇళ్ళు వచ్చేవాళ్ళకు చరిత్ర, ఉండేవాళ్ళకు కొంప. ఆ వారమే ఒక జంట, సందర్శకులకు చూపించే ఇల్లు ఇదే అనుకుని తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. లోరెంజ్ చెప్పుల్ని, కొక్కేనికి వేలాడుతున్న కోటును వంగి వంగి చూశారు.

“ఇవన్నీ అప్పటివేనాండీ?” అని అడిగింది ఆవిడ.

“అప్పటివే” అంది క్రెసెంజ్, కుర్చీలోంచి లేవకుండా. వాళ్ళు ఫొటో తీసుకుని తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్ళారు.

ఆమె పుట్టింది నది అవతలి కార్మికుల పేటలో. పదిహేనో ఏట నూలుమిల్లులో చేరింది. యంత్రాల హోరులో మాట వినపడక అక్కడి ఆడవాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత మిల్లు మూతపడింది. ట్రాము నడిపే లోరెంజ్‌కు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇద్దరూ ఈ పేటలో ఇంటికోసం పేరు ఇచ్చుకుని ఏళ్ళతరబడి కాచుకున్నారు.

ఇక్కడ ఏడాది అద్దె కప్పు కాఫీకి కూడా చాలదు. అసలు అద్దె వేరే ఉంది. ఈ ఇళ్ళు కట్టించిన యాకోబ్ ఫుగ్గర్ దొర ఆత్మకోసం కాపురమున్నవాళ్ళు రోజుకు మూడు ప్రార్థనలు చెప్పాలి. అది ఆయన పెట్టిన షరతు. చెప్పారా లేదా అని అడిగేవాళ్ళెవరూ లేరు. రాత్రి సూపు తాగాక క్రెసెంజ్, లోరెంజ్ కలిసి చెప్పేవాళ్ళు. అతను ఆపిలు చెక్కు తీస్తూ గొణిగేవాడు.

ఒకరోజు మూడోది ముగిస్తుండగా తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడింది. ‘లోరెంజ్ ఆత్మకు శాంతి కలుగుగాక.’ వెనక్కి తలుచుకుంది. ఖననమైన నాటినుంచీ అదే మాట. మళ్ళీ మొదలుపెట్టి, దొర పేరు నాలుకమీద సిద్ధంగా పట్టుకుని చివరిదాకా వచ్చింది. లోరెంజ్ అనే వచ్చింది.

అంటే ఇన్నాళ్ళూ అద్దె ఎగ్గొట్టి కూర్చుంది. జన్మలో ఒకరి అద్దె ఎగ్గొట్టిన మనిషి కాదు. ఈ ఇంటికోసం బయట ఎందరు కాచుకుని ఉన్నారో కూడా ఆమెకు తెలుసు. బట్టలు పెట్టెలో సర్దింది. తాళంచెవి పట్టుకుని పైవాటాలో ఉండే హెడ్విగ్ దగ్గరికి ఎక్కింది.

సంగతి విని హెడ్విగ్ తల పట్టుకుంది. “ఒసే పిచ్చిదానా! ఎవరడిగారే నిన్ను?”

“అడక్కపోతే ఎగ్గొట్టొచ్చా?”

“నేను రాత్రి వార్తలు చూస్తూ చెప్పేస్తా. మధ్యలో మంత్రిని తిడతా కూడా. ఆ లెక్కన నన్నెప్పుడో రోడ్డుమీద పడెయ్యాలి.”

“తిట్టినా చివర్లో ఎవరి పేరు చెప్తావు?”

హెడ్విగ్ ఆలోచించింది. “దొరదే” అని ఒప్పుకుంది. “పద, ఫాదర్‌గారి దగ్గరికి. పెట్టె మాత్రం తేకు, నవ్వుతారు.”

పేటలోని చిన్న గుడిలో పూజ అయ్యాక ఫాదర్‌గారు కొవ్వొత్తులు ఆర్పుతూ విన్నారు. “దొరగారు అయిదు వందల ఏళ్ళుగా తీసుకుంటూనే ఉన్నారమ్మా. నాలుగు రోజులు ఆగలేరా?”

“అది మీరంటున్నారు ఫాదర్. ఇల్లు ఆయనది.”

ఆయన ఆర్పుతున్నది ఆపి ఆమె ముఖంలోకి చూశారు. “సరే. ఇద్దరు కలిసి చెప్పినప్పుడు ఒకరు పేరు చెప్తే, రెండోవాళ్ళు ఆమెన్ అంటే చాలు. ఇద్దరిదీ చెల్లినట్టే. ఏమ్మా హెడ్విగ్, కిందికి దిగుతావా?”

“మెట్లు నావి కావు గాని నొప్పిపుట్టే మోకాళ్ళు నావేగా” అంది హెడ్విగ్. “దిగుతాలెండి.”

ఆ రాత్రే వచ్చింది. సూపు బాగానే ఉంది గాని ఉప్పు తక్కువైందని వంక పెట్టి మరీ తాగింది. తర్వాత ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని మొదలుపెట్టారు. పేరు దగ్గరికి వచ్చేసరికి క్రెసెంజ్ పెదాలు బిగపట్టింది. “యాకోబ్ దొర ఆత్మకు” అని హెడ్విగ్ గట్టిగా అంది. మూడుసార్లూ.

“ఆమెన్” అంది క్రెసెంజ్, మూడుసార్లూ.

“అయిపోయింది. ఇక ఇల్లు నీదే పో” అని హెడ్విగ్ మెట్లు ఎక్కుతూ కేకేసింది.

క్రెసెంజ్ గిన్నెలు కడిగింది. కడుగుతుండగా తోచింది, ఇవ్వాళ లోరెంజ్‌కు ఏమీ ముట్టలేదని. ఇన్నాళ్ళూ తెలియకుండానే రోజూ ఏదో ఒకటి పంపుతూ వచ్చింది. ఇప్పుడు కూర్చుని అతని పేరున ఒకటి చెప్పొచ్చు, అడ్డేమీ లేదు. తడిచేతులతో బల్లదాకా వచ్చింది. తెలియకుండా రోజూ వచ్చిన ఆ పేరు, కావాలని చెప్పబోతే నోటికి రాలేదు. దీపం ఆర్పి పడుకుంది.